థలియాంబ సన్నిధిలో నవ్వరాదు

పూలగెడ్డ పురపాలక సంఘం కమిషనరుగారు మురుగుకాలవలను అధ్యయనం చేయడానికి ప్రభుత్వ ఖర్చు మీద గ్రీసు దేశం వెళ్ళారు. తిరిగి వచ్చినప్పుడు ఆయన దగ్గర కాలవల గురించి చెప్పుకోదగ్గ సమాచారమేమీ లేదు గాని, ఒక దేవత ఫోటో మాత్రం ఉంది.

"ఈమె పేరు థలియా," అని పట్టణ ప్రముఖుల సమావేశంలో ఆయన ప్రకటించారు. "హాస్యానికి, కవిత్వానికి, పచ్చని ప్రకృతికి అధిదేవత. తొమ్మిదిమంది అక్కచెల్లెళ్ళలో ఒకతె. ప్రపంచ సంస్కృతిని మన పట్టణం ముంగిటికి తీసుకురావాలన్న సంకల్పంతో ఈమె విగ్రహాన్ని మన పార్కులో నెలకొల్పదలచాము. కాలవల విషయం తదుపరి దశలో పరిశీలింపబడుతుంది."

అందరూ చప్పట్లు కొట్టారు. అందరూ ఆపిన తరవాత కూడా వెనక వరుసలో ఒక మనిషి కొడుతూనే ఉన్నాడు. అతడు పాండ్రంకి అసిరినాయుడు. ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసి రిటైరైనవాడు. మందుసీసా మీద అంటించిన చీటీని రెండుసార్లు చదివి గాని నమ్మే అలవాటు లేదు కనక, దేవుళ్ళ సంగతిలో అతని నమ్మకం ఇంకా తక్కువ. కాని పార్కులో ఉన్న సిమెంటు వేదిక మీద ప్రతి ఆదివారం సాయంత్రం అతని బృందం నవ్వు నాటకాలు ఆడుతుంది. టిక్కెట్టు లేదు, చందా లేదు. జనం నవ్వితే ఆ వారానికి కూలి ముట్టినట్టు, నవ్వకపోతే పస్తున్నట్టు. నాటకాలవాళ్ళంటే అద్దెకి ఇల్లు ఇవ్వడానికి తటపటాయించే ఊళ్ళో, నాటకాలకి ఏకంగా ఒక దేవతే ఉందన్న వార్త అతనికి చిత్రమైన ఆనందం కలిగించింది. నమ్మకం లేకపోయినా బంధుత్వం కుదిరింది.

మర్నాడే గ్రంథాలయానికి వెళ్ళి ఆమె గురించి దొరికినదంతా చదివి వచ్చాడు. ఎడమ చేతిలో నవ్వే మొహం, అంటే నటులు పెట్టుకునే తొడుగు. కుడి చేతిలో గొర్రెలకాపరి కర్ర. తలమీద తీగాకుల దండ. అన్నీ కంఠస్థం చేశాడు.

విగ్రహం తయారుచేసే పని ఊరి శిల్పికి అప్పగించారు. ఆయన జీవితమంతా రెండు రకాల విగ్రహాలే చేశాడు: నాయకులు, గ్రామదేవతలు. ఫోటో చిన్నది. చేయి తిరిగినవాడు కనక, ఫోటో ఆగిపోయిన చోట చేతివాటంతో ముందుకి సాగిపోయాడు. పాలరాతి దేవతకి కనుపాపలు లేకపోవడం ఫోటో తీసినవాడి లోపమనుకుని, పెద్ద పెద్ద నల్లగుడ్లు దిద్దాడు. తొడుగు నోరు ఖాళీగా ఉంటే పని ఎగ్గొట్టినట్టు ఉంటుందని లోపల ఎర్రరంగు పోసి, పైనా కిందా తెల్లటి పళ్ళు పెట్టాడు. తీగాకులు వేపాకులయ్యాయి. ఈ రంగుల వివరాలు ఇంతగా చెప్పడం దేనికంటే, ఆ తరవాత జరిగిన శాస్త్రచర్చ యావత్తూ వీటి మీదనే నిలిచింది.

తొలి ఆదివారం అసిరినాయుడు ఆమె ఎదుట 'కోడి సాక్ష్యం' ఆడాడు. కోర్టులో ఏం చెప్పాలో ఒక రైతు తన కోడికి నేర్పించే నాటకం అది. రైతు అతడే, కోడీ అతడే. పార్కు గేటు దగ్గర జామపళ్ళ బండి పెట్టుకునే గున్నమ్మ రైతు పెళ్ళాం వేషం. జనం కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. వేషం తీసేస్తూ అసిరినాయుడు విగ్రహం వైపు చూసి, "మీ దయ" అన్నాడు, ఎవరికీ వినపడకుండా.

అంతా సవ్యంగా ఉండగా ఒకనాడు విగ్రహం పాదాలు పచ్చగా కనిపించాయి.

"గున్నమ్మా, ఏటిది? పసుపు నువ్వే రాసినావా?"

"రాసినానన్నా. మనవరాలికి ఆటలమ్మ పోసింది. ఈవిడికి మొక్కుకున్నాను. తగ్గిపోనాది."

"అదెలాగూ తగ్గుద్దే! దానంతటదే వస్తాది, దానంతటదే పోద్ది. ఆసుపత్రిలో ఎంతమందిని సూడలేదు నాను?"

"మొక్కుకున్నాక తగ్గింది కాదేటి?"

"మొక్కకపోయినా తగ్గును."

"మొక్కకుండా ఉంటే ఆ సంగతి తెలిసీది. మొక్కీసినాను కదా, మరిప్పుడెలా తెలుస్తాది?"

శాస్త్రీయ పద్ధతికి సంబంధించిన ఈ ఆక్షేపణకు అసిరినాయుడు జవాబు వెతకసాగాడు. అది దొరికే లోపల విగ్రహానికి చీర వచ్చింది. చీర వెనక కుంకుమ, కుంకుమ వెనక గాజులు, గాజుల వెనక నిమ్మకాయల దండ, దాని వెనక హారతి పళ్ళెం వచ్చాయి. పళ్ళెం కనిపించిన వారంలోనే దేవతా వ్యవహారాల శాఖవారి జీపు వచ్చి ఆగింది.

జీపులోంచి దిగినవారు కార్యనిర్వహణాధికారి దండు త్రివిక్రమరావుగారు. ఊరంతా ఆయనను ఈవోగారు అంటుంది. నిటారైన మనిషి, నున్నటి గొంతు, మడత నలగని చొక్కా. జీవితంలో ఆయన ఒక్క అబద్ధం ఆడలేదనీ, ఒక్కసారి నవ్వలేదనీ శాఖలో ప్రతీతి.

"పసుపు, కుంకుమ, పళ్ళెము — ఈ మూడును ఏకకాలమున ఎచ్చట గోచరించునో అచ్చట దేవాలయము కలదని నిబంధన," అని ఆయన కమిషనరుగారికి వివరించారు. "కావున ఈ ఉద్యానవనమును శాఖ స్వాధీనపరచుకొనుచున్నది."

"పార్కు ఊడ్పించే ఖర్చు కూడా శాఖదేనా?" అని కమిషనరుగారు అడిగారు.

"శాఖదే."

"సంస్కృతి ఎవరి దగ్గరున్నా సంస్కృతే," అన్నారు కమిషనరుగారు. ప్రపంచ సంస్కృతితో పురపాలక సంఘానికి ఉన్న సంబంధం అంతటితో ముగిసింది.

వారం తిరక్కుండా 'శ్రీ థలియాంబ అమ్మవారి దేవస్థానం' అన్న బోర్డు లేచింది. తొమ్మిదిమంది అక్కచెల్లెళ్ళని కాగితాల్లో ఉంది కనక, మిగతా ఎనమండుగురికీ ఎనిమిది దిమ్మెలు కట్టించి, ఒక్కొక్క దిమ్మె మీదా 'అమ్మవారు రానున్నారు' అని రాయించారు. అమ్మవార్లున్న చోట తమ్ముడు పోతురాజు ఉండి తీరాలి గదా అని ఒక రాయి పాతించారు. తండ్రి మెరుపులు విసిరే దేవుడని, ఒలింపస్ కొండమీద కాపురమని విచారణలో తేలింది. గోత్రం 'ఒలింపస' అని నిర్ధారించారు. కల్యాణోత్సవానికి పందిరి మంజూరైంది. వరుడి విషయంలో గ్రీసు దేశానికి ఉత్తరం వెళ్ళింది.

ఇక మిగిలిన ప్రశ్న ఒకటే. అమ్మవారు సౌమ్యమూర్తియా, ఉగ్రమూర్తియా? దీన్ని తేల్చడానికి స్వరూప నిర్ణయ సంఘం సమావేశమైంది. ప్రజల అభిప్రాయం వినిపించదలచినవారు రావచ్చు అన్నారు. వచ్చిన ప్రజ అసిరినాయుడు ఒక్కడే. రెండు పుస్తకాలు చంకన పెట్టుకుని వచ్చాడు.

"బాబూ, ఈవిడ నవ్వుల దేవత. ఉగ్రం అన్నది ఈవిడ వంశంలోనే లేదండి. పుస్తకాల్లో ఉంది, సిత్తగించండి."

ఈవోగారు పుస్తకాలను మర్యాదగా పక్కకి జరిపారు. "పుస్తకము అన్యదేశమున ఉన్న విగ్రహమును గూర్చినది. మేము నిర్ణయించవలసినది ఇచ్చటి విగ్రహమును గూర్చి. వామహస్తమున శిరస్సు కలదా, లేదా?"

"శిరస్సు కాదండి. తొడుగు. నాటకాలోళ్ళు మొహానికి పెట్టుకుంటారు."

"రక్తము కలదు."

"ఎర్రరంగండి. నోట్లో ఖాళీ ఉందని శిల్పి పోసీసినాడు."

"కోరలు కలవు."

"పళ్ళండి బాబూ. నవ్వితే పళ్ళు కనపడవేటి?"

"నవ్వినను కనపడును, నరికినను కనపడును," అన్నారు ఈవోగారు, అన్యాయం చేయని న్యాయమూర్తిలా. "ఉభయ పక్షములును సమానమైనప్పుడు భద్రతను బట్టి నిర్ణయించవలెను. సౌమ్యమూర్తిని ఉగ్రమూర్తిగా భావించినచో అమ్మవారు క్షమించును. ఉగ్రమూర్తిని సౌమ్యమూర్తిగా భావించినచో క్షమించుటకు మనము ఉండము."

"లోపల డొల్ల కదండీ అది! ఖాళీగా ఉంటే తలెలా అవుద్ది?"

"శిరస్సు ఖాళీగా ఉన్నంత మాత్రమున శిరస్సు కాకపోదు," అన్నారు ఈవోగారు.

సంఘ సభ్యులందరూ తలలూపారు. అసిరినాయుడు ఆ తలలకేసి ఒకసారి చూసి, పుస్తకాలు మళ్ళీ చంకన పెట్టుకున్నాడు.

శిరస్సు ఉన్నప్పుడు దాని యజమాని కూడా ఉండాలి. శాఖ నియమించిన పండితులొకరు స్థలపురాణం రచించారు. పూర్వం హాస్యాసురుడనే రాక్షసుడు ఋషుల ఎదుట కోతిచేష్టలు చేసి, వారికి నవ్వు తెప్పించి తపస్సులు పాడుచేసేవాడట. లోకాలు నవ్వలేక నలిగిపోతే, థలియాంబ అవతరించి, కర్రతో కొట్టి, తల నరికి, నవ్వును నశింపజేసిందట. ఆ పుస్తకం అమ్మకానికి వచ్చిన రోజునే పార్కులో కొత్త బోర్డు పెట్టారు: 'అమ్మవారి ఎదుట నవ్వుట, ఇకిలించుట, దంతములు గోచరించునట్లు సంచరించుట నిషేధము.'

నిషేధం కాగితం మీద ఆగిపోలేదు. ఈవోగారు అలసత్వం ఎరగరు. ఈల ఇచ్చి ఒక కావలివాణ్ణి నియమించారు. పొద్దున్నే పార్కుకి వచ్చి ఆరోగ్యం కోసం పగలబడి నవ్వుకునే పెద్దల సంఘంవారు ఇకమీదట నోరు మూసుకుని, పొట్ట మాత్రం కదిలించి నవ్వాలని ఆదేశించారు. ఒక రిటైర్డు తహసీల్దారుగారికి పైపళ్ళు ఎత్తు. నిరంతర ఉల్లంఘన కింద వస్తారని ఆయనకి చేతిగుడ్డ పట్టుకునే షరతు మీద ప్రవేశం కల్పించారు. వీధికి అవతల పళ్ళపొడి ప్రకటనలో ఒకావిడ పగలూ రాత్రీ నవ్వుతూ అమ్మవారి కంటపడుతోందని ఆ బోర్డుకి గోనెపట్టా కప్పించారు. ఫోటో స్టూడియోవాడు "కొంచెం నవ్వండి" అనడం మానేసి "కొంచెం భయపడండి" అనసాగాడు. పెళ్ళిఫోటోల్లో పెద్ద తేడా రాలేదని చెప్పుకున్నారు.

అసిరినాయుడి ఆదివారాలు ఆగిపోయాయి. అది ఒక ఎత్తు. మరొక ఎత్తు ఈవోగారు పిలిపించి చెప్పారు.

"ఈ వేదిక వినియోగములో లేదు. వినియోగములో లేని కట్టడమును తొలగించి భక్తుల సౌకర్యార్థము చెప్పుల స్టాండు నిర్మింపవలెనని నిబంధన. అమ్మవారి పండుగ వెళ్ళిన పిమ్మట పనులు ప్రారంభమగును."

"మీరే కదండీ వాడొద్దన్నారు?"

"అవును. అందువలననే వినియోగములో లేదు."

అసిరినాయుడు బయటికి వచ్చి గున్నమ్మ బండి పక్కన రాతి మీద కూలబడ్డాడు. వేదిక పోతే ఊళ్ళో ఇంకో వేదిక లేదు. నవ్వుల కూలి లేని మనిషి ఏం తిని బతుకుతాడు?

"తప్పు నాదేనన్నా," అంది గున్నమ్మ జామకాయ మీద దుమ్ము తుడుస్తూ. "నాను ఆ పసుపు రాయకపోతే ఇదంతా లేకపోను."

"రాయకపోయినా ఇంకేదో అవును లేవే."

"రాయకుండా ఉంటే తెలిసీది," అంది గున్నమ్మ. అని, "పోనీ, ఆ పురాణంలో మనకేటైనా దొరుకుద్దేమో సూడకూడదా? నీకు సదువొచ్చు కదా," అంది.

అసిరినాయుడు స్థలపురాణం కొని, మందుసీసా చీటీలాగే రెండుసార్లు చదివాడు. మర్నాడు స్నానం చేసి, తెల్లపంచె కట్టుకుని, ఈవోగారి ముందు చేతులు జోడించి నిలబడ్డాడు.

"బాబూ, పండగనాడు అసుర వధ ఆడించాలండి. ఏ అమ్మోరి జాతరలోనైనా వేషం కట్టడం ఉంది. నరికీ ముందు ఆ అసురుడు ఎంత వెధవో జనానికి సూపించాలా, అక్కర్లేదా? ఏటీ సెయ్యనివోణ్ణి నరికితే అమ్మోరికి సెడ్డపేరు."

ఈవోగారు నిబంధనల పుస్తకం తిరగేశారు. వాదంలో లోపం కనిపించలేదు.

"అసురుని చేష్టలు ప్రదర్శింపవచ్చును. అవి స్థలపురాణోక్తములు. కాని ప్రేక్షకులు నవ్వరాదు."

"నా శాయశక్తులా సూస్తానండి," అన్నాడు అసిరినాయుడు. ఆ మాట అనడానికి అతని ప్రాణం చివుక్కుమంది.

పండుగనాటి సాయంత్రం ఊరు ఊరంతా పార్కులో ఉంది. అసిరినాయుడు నల్లరంగు పూసుకుని, కొమ్ములు కట్టుకుని హాస్యాసురుడయ్యాడు. గున్నమ్మ ఎర్రచీర కట్టి, వేపాకులు తురుముకుని, అట్టకత్తి పట్టుకుని థలియాంబ అయింది.

అతడు తనకి వచ్చిందంతా ఆడాడు. ఋషుల ఎదుట కోతిచేష్టలకి బదులు కోడికి సాక్ష్యం నేర్పాడు. కోడి న్యాయమూర్తి బల్ల ఎక్కింది. కోడి ప్రమాణం చేసింది. కోడి గుడ్డు పెట్టి, దాన్ని రుజువుగా దాఖలు చేయమంది. ఒకప్పుడు ఈ చోట జనం ఒకరి మీద ఒకరు పడేవారు. ఇవాళ చేతులు జోడించి కూర్చున్నారు. వరసల మధ్య సిబ్బంది తిరుగుతూ పళ్ళు పరిశీలిస్తున్నారు. కోడి గుడ్డు పెట్టిన చోట ముందు వరసలో ఒక ముసలావిడ చెంపలు వేసుకుంది. తహసీల్దారుగారు చేతిగుడ్డలోంచి చూస్తున్నారు. ఎక్కడా చప్పుడు లేదు.

 రోగి పోయిన మంచం పక్కన కూడా ఇంత నిశ్శబ్దం అసిరినాయుడు ఎరగడు. ఇక చెయ్యడానికేమీ మిగలక, మోకాళ్ళ మీద కూలబడి మెడ చాచాడు. ఈ తల పడితే నాటకం అయిపోతుంది. నాటకం అయిపోతే రేపు గునపాలు వస్తాయి. గున్నమ్మ కళ్ళనిండా నీళ్ళతో అట్టకత్తి ఎత్తింది.

"ఆగవలెను," అన్నారు ఈవోగారు.

ఆయన వేదిక ఎక్కి, మైకు సవరించి, జేబులోంచి కాగితం తీశారు.

"భక్తమహాశయులకు విజ్ఞప్తి. ఇంతవరకు ఎవ్వరును నవ్వకపోవుట శాఖకు గర్వకారణము. అయినను, అసురుని చేష్టల వలన కొందరు భక్తులయందు నవ్వు జనించి, బయటికి రాక, లోపలనే నిలిచియున్నట్లు మా దృష్టికి వచ్చినది. అట్టి నవ్వును సన్నిధిలో వదలరాదు. ఇంటికి తీసుకొనిపోవుటకు అభ్యంతరము లేదు."

ఎక్కడో ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఇంటివరకు మోయలేని వృద్ధులు, గర్భిణులు, దక్షిణ ద్వారము వెలుపల జామపళ్ళ బండి ప్రక్కన, స్త్రీ పురుషులకు వేర్వేరుగా కేటాయించిన స్థలములలో, సిబ్బంది పర్యవేక్షణలో నవ్వవచ్చును. ఒకరు నవ్వి ముగించిన పిమ్మటనే మరియొకరు ప్రారంభింపవలెను. గుంపుగా నవ్వరాదు. నవ్విన పిమ్మట ఆ ప్రదేశమును శుభ్రముగా ఉంచవలెను."

"నా బండి కాడా!" అంది అమ్మవారు.

అట్టకత్తి గాలిలోనే వణికింది. గున్నమ్మ ముక్కులోంచి ఒక చప్పుడు వచ్చింది. ప్రెషరు కుక్కరు మొదటి కూతకి ముందు చేసే చప్పుడు అది. తహసీల్దారుగారి చేతిగుడ్డ ఎగిరి పడింది. ఆ తరవాత ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది చెప్పలేం. పార్కు పార్కంతా ఒక్కసారిగా తెగిన చెరువులా నవ్వింది. కావలివాడు ఈల నోట్లో పెట్టుకున్నాడు గాని, వాడూ నవ్వుతూండడం వల్ల అది తెంపు లేకుండా కిచకిచలాడింది. చెంపలు వేసుకున్న ముసలావిడ పక్కనున్నామెని పట్టుకుని, "శుబ్రంగా ఉంచాలంటమ్మా!" అంటూ మెలికలు తిరిగిపోయింది.

ఈవోగారు మైకు దగ్గర నిటారుగా నిలబడి, "నవ్వుచున్నవారు ఎవరు? చేతులెత్తవలెను," అన్నారు.

ఊరంతా చేతులెత్తింది. అంతటితో గున్నమ్మ కత్తి వదిలేసి వేదిక మీద కూర్చుండిపోయింది.

అసిరినాయుడు చాచిన మెడ చాచినట్టే ఉంచి, తల ఓరగా తిప్పి ఈవోగారి వంక చూశాడు. జీవితమంతా కోడితో, కర్రతో, ఊడే పంచెతో తను కష్టపడి రాబట్టుకున్నదాన్ని ఈ మనిషి ఒక కాగితంతో, కనుబొమ్మ కదపకుండా రాబట్టాడు. అసూయ కలగవలసిన చోట అతనికి గౌరవం కలిగింది.

జనం నవ్వి నవ్వి ఇళ్ళకి వెళ్ళిపోయాక, ఈవోగారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని అడిగారు.

"వధ జరిగినదా?"

"లేదండి. అమ్మోరు కూలబడిపోయింది."

"అనగా అసురుడు సజీవుడై ఉన్నాడు."

"ఉన్నానండి బాబూ," అన్నాడు అసిరినాయుడు కొమ్ములు సర్దుకుంటూ. "మరి నవ్వినోళ్ళ మీద సర్య...?"

ఈవోగారు స్థలపురాణం తెప్పించి, చూపుడువేలితో చదివి, తల పంకించారు. "అసురుడు జీవించియుండగా జనులు నవ్వుట పురాణసమ్మతమే. నవ్వు వానితోనే నశించవలెను. కావున జనులయందు దోషము లేదు. వధ అసంపూర్ణమగుటయే దోషము. వచ్చే ఆదివారము ప్రదర్శనను తిరిగి నిర్వహించి పూర్తి చేయవలెను."

"అప్పుడూ అవకపోతే?"

"ఆ పై ఆదివారము. అసంపూర్ణ కార్యమును విడిచిపెట్టుట శాఖలో లేదు."

"మరి వేదిక...?"

"వినియోగములో ఉన్న కట్టడమును ఎట్లు తొలగింతుము?" అన్నారు ఈవోగారు, కొంచెం నొచ్చుకుని.

ఆనాటి నుంచీ పూలగెడ్డలో ప్రతి ఆదివారం హాస్యాసుర వధ జరుగుతోంది. అంటే, ప్రయత్నం జరుగుతోంది. పొరుగూళ్ళనుంచి బళ్ళు కట్టుకుని వస్తున్నారు. నవ్వరాదన్న బోర్డు అలాగే ఉంది, దాని కిందే చోటు దొరకడం కష్టం. గతవారం లోపాలను దృష్టిలో పెట్టుకుని ఈవోగారు ప్రతిసారీ విజ్ఞప్తిని సవరించి, మరింత కట్టుదిట్టంగా రాసుకొస్తారు. మొన్నటిదానిలో, ఆవలింత ముసుగులో నవ్వేవారిని గుర్తించే విధానం ఉందట.

ఒకసారి అసిరినాయుడు ధైర్యం చేసి, "బాబూ, మీరు మా బృందంలో సేరిపోరాదా?" అని అడిగాడు. డెప్యుటేషన్ ఉత్తర్వులు కావాలన్నారు ఈవోగారు.

ఎదురుగా థలియా, చీరలోంచి, నల్లటి కనుగుడ్లతో వేదికకేసి చూస్తూ ఉంటుంది. గున్నమ్మ కత్తి ఎత్తుతుంది. అసిరినాయుడు మోకాళ్ళ మీద కూర్చుని, మెడ చాచి, ఒక కన్ను మాత్రం తెరిచి, ఈవోగారు జేబులోంచి కాగితం ఎప్పుడు తీస్తారా అని ఎదురుచూస్తూ ఉంటాడు.